రెండు మాటల నిరసన, 480 నామినేషన్ల నిరసన

నిరసనల్లో రికార్డులు ఎవరైనా లెక్కగడితే రోజులు, మైళ్లు, జనం సంఖ్య చూస్తారు. ఎన్నాళ్లు కూర్చున్నారు, ఎంత దూరం నడిచారు, ఎంతమంది వచ్చారు అని. ఈ మూడింట్లో తెలుగువాళ్లు ఎవరికీ తీసిపోరు. కానీ ఓర్వకల్లు వైపు నుంచి చూసేవాణ్ని కాబట్టి, నేను మొదటి బహుమతి ఏ శిబిరానికీ ఇవ్వను. రసీదు మీద రాసే రెండు మాటలకు ఇస్తాను.

అన్నింటికంటే చిన్నది

కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో ఓర్వకల్లు అంటే ఒకప్పుడు గుర్తొచ్చేది రాళ్లే. ఆ రాళ్ల మధ్యే ఇప్పుడు ఏం లేదు? విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైంది. ఓర్వకల్లు మండలం శకునాల, పక్కనే గడివేముల మండలం గని గ్రామాల భూముల్లో 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు పరుచుకుంది. 2017లో పూర్తయినప్పుడు ఒకే చోట ఉన్న సౌర పార్కుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది అదేనన్నారు. విస్తీర్ణం ఆరు వేల ఎకరాలకు కాస్త తక్కువ. డీఆర్‌డీఓ వాళ్ల ఆయుధ పరీక్షా కేంద్రం ఉంది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఓర్వకల్లు పారిశ్రామిక కేంద్రానికి 2,786 కోట్ల రూపాయలు ఆమోదించింది. అంటే ఇక్కడ భూసేకరణ అన్న మాట వర్షం, కరువు అన్నంత మామూలు మాట అయిపోయింది.

పరిహారం పంచే రోజు ఎలా ఉంటుందో ఈ చుట్టుపక్కల ఊళ్లలో చాలామందికి తెలుసు. బల్ల మీద రిజిస్టరు, పక్కన ఇంకు ప్యాడు, పాసు పుస్తకాల జిరాక్సులు, బ్యాంకు ఖాతా నంబరు రాసిన చీటీ. "ఇక్కడ సంతకం పెట్టు పెద్దాయనా, ఇక్కడొకటి, వెనకాల ఇంకొకటి." బయట వరుస పెరుగుతూ ఉంటుంది. ఎకరాకు కట్టిన ధర అన్యాయమని నిన్నటిదాకా రోడ్డు మీద అరిచిన మనిషే ఈ రోజు ఆ మూడు సంతకాలూ గబగబా పెట్టేసి బయటపడతాడు. దుడ్లు వచ్చినయి కదా, రేటు సంగతి తర్వాత కోర్టులో చూసుకుందాంలే అనుకుంటాడు.

చిక్కు అక్కడే ఉంది. 1894 నాటి భూసేకరణ చట్టమైనా, దాని స్థానంలో 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 చట్టమైనా ఒకే మాట చెబుతాయి. ఇచ్చిన సొమ్ము చాలదని పైకి పోవాలంటే ఆ సొమ్మును 'అభ్యంతరంతో' తీసుకుని ఉండాలి. అభ్యంతరం లేకుండా తీసుకున్నవాడికి పరిహారం పెంచమని అడిగే దారి మూసుకుపోతుంది. పాత చట్టంలో ఇది 31వ సెక్షను, కొత్త దాంట్లో 77. ఆఫీసుల్లో దీన్ని 'అండర్ ప్రొటెస్ట్' అంటారు. సంతకం పక్కన 'అభ్యంతరంతో తీసుకున్నాను' అని రాస్తే చాలు, ఆ రెండు మాటలకే చట్టంలో అంత బలం. పరిహారం ఎంతో తేల్చే అవార్డు ప్రకటించినప్పుడు రైతు ఎదురుగా ఉంటే ఆరు వారాల్లోపు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ గడువు ధర్నాలతో ఆగదు, మంత్రిగారి హామీతో అసలే ఆగదు.

కోర్టులు కాస్త దయ చూపిన సందర్భాలూ ఉన్నాయి. రసీదు మీద ఆ మాటలు రాయకపోయినా, గడువులోపు పెంపు కోరుతూ దరఖాస్తు పెట్టడమే అభ్యంతరం కింద లెక్క అని అజిత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1994లో చెప్పింది. అయితే 'కన్సెంట్ అవార్డు' మీద సంతకం పెట్టినవాళ్లకు ఈ వెసులుబాటు లేదు. అది ఒప్పందం. ఒప్పుకున్నాక అభ్యంతరం ఏమిటని అడుగుతారు, అడగడంలో తప్పూ లేదు. డీ-పట్టా భూముల సంగతి ఇంకోటి. ప్రభుత్వమే ఇచ్చిన భూమి కదా, తిరిగి తీసుకుంటే పరిహారమెందుకు అన్న వాదన చాలాకాలం నడిచింది. 2004లో మేకల పాండు కేసులో అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం ఆ వాదనను కొట్టేసి, పట్టా భూములతో సమానంగా ఇవ్వాలంది. ఓర్వకల్లు లాంటి బీడు నేలల మండలాల్లో ఆ తీర్పు విలువ ఎంతో విడమరచి చెప్పక్కర్లేదు.

ఈ మండలంలో ఆడవాళ్ల పొదుపు సంఘాలకు ముప్పయ్యేళ్ల చరిత్ర ఉంది. 1995 ప్రాంతంలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం చేయూతతో మొదలైన ఆ సంఘాలు తర్వాత రాష్ట్రమంతటికీ నమూనా అయ్యాయి. వేలిముద్ర నుంచి సంతకానికి వచ్చిన చేతులు ఇక్కడ చాలా ఉన్నాయి. సంతకం పక్కన ఇంకో మాట రాయడం కూడా ఆ చేతులకు అలవాటైతే బాగుండుననిపిస్తుంది.

ఉరితీసిన ప్రభుత్వం, విమానం టికెట్టు

ఓర్వకల్లు విమానాశ్రయానికి పెట్టిన పేరు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిది. ఆయన గొడవ కూడా ఖజానా దగ్గరే మొదలైంది. కుంపెణీ పాలెగాళ్ల అధికారం తీసేసి పింఛన్లు ఇచ్చింది. నొస్సం వారి వంశానికి రావాల్సిన పింఛను ఆపేసింది. ఇనాం మాన్యాలు లాక్కుంది. 1846లో ఆయన కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీశారు. తలను కోట గోడకు వేలాడదీసి 1877 దాకా అట్లాగే ఉంచారు. ముప్పయ్యేళ్లు! శిక్షను ప్రదర్శనకు పెట్టడంలో రికార్డు అంటే ఇదే అయ్యుండాలి. 'అభ్యంతరంతో' అని రసీదు మీద రాసే వీలు ఆ రోజుల్లో ఎవరిచ్చారు?

చట్టంలో కనపడని పిటిషను

పోలీసులు కేసు దర్యాప్తు చేసి "ఆధారాల్లేవు, మూసేస్తున్నాం" అని కోర్టుకు నివేదిక ఇస్తే ఫిర్యాదీ ఏం చేయాలి? రోడ్డెక్కడం ఒక దారి. కోర్టులో 'ప్రొటెస్ట్ పిటిషన్' వేయడం ఇంకో దారి. దీని వింత ఏమిటంటే, దేశమంతా మేజిస్ట్రేట్ కోర్టుల్లో రోజూ దాఖలయ్యే ఈ పిటిషను పేరు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో లేదు. వాడుకలో పుట్టి, తీర్పులతో నిలబడింది. కేసు మూసే ముందు ఫిర్యాదీకి నోటీసు ఇచ్చి, అతను చెప్పేది వినాలని 1985లో భగవంత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. స్టేషను నుంచి కేసు మూసినట్టు కాగితం వస్తే చాలామంది అదే ఆఖరనుకుని మడిచి దూలంలో దోపేస్తారు. ఆఖరు కాదది.

కర్నూలుకు ఓడొస్తే

కర్నూలు కోర్టు దగ్గర చెట్టు కింద అఫిడవిట్లకు ముద్రలు కొట్టే నోటరీని చూసి ఈయనకు ఇంతేనా పని అనుకోకండి. 1952 నోటరీల చట్టం 8వ సెక్షను ప్రకారం నోటరీ చేయగల పనుల్లో 'ఓడ నిరసన', 'పడవ నిరసన' రాసిపెట్టడం కూడా ఉంది. తుపానులో సరుకు పాడైతే ఓడ కెప్టెను రేవు చేరగానే నోటరీ దగ్గరికి పోయి, ఇది నా తప్పు కాదు, సముద్రం చేసిన పని అని నమోదు చేయించుకుంటాడు. రేపు సరుకు యజమానీ, బీమా కంపెనీవాళ్లూ మీద పడితే అదే ఆధారం. విశాఖలోనో, కాకినాడలోనో ఇది మామూలే. తుంగభద్ర ఒడ్డున ఉన్న కర్నూలు నోటరీకి ఆ అవకాశం ఎప్పుడొస్తుందో మరి. హుండీనో, ప్రామిసరీ నోటునో చెల్లించకుండా తిప్పి పంపితే దాని మీద నిరసన ధ్రువపత్రం రాసే అధికారం కూడా ఆయనదే. అది 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం నుంచి వస్తున్నది. చెక్కులు, అవి చెల్లకపోతే వేసే 138 సెక్షను కేసులు వచ్చాక దాని జోలికి పోయేవాళ్లు తగ్గారు.

బ్యాలెట్టే పుస్తకమైంది

నామినేషను వేయడం కూడా నిరసనే అని దేశానికి నేర్పింది నల్గొండ. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర్లు పోయిన జనం గోడు ఎవరికీ పట్టడం లేదని 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపిచ్చింది. వందలమంది నామినేషన్లు వేశారు. చివరికి బరిలో మిగిలింది 480 మంది. లోక్‌సభ ఎన్నికల చరిత్రలో ఒక నియోజకవర్గంలో ఇంతమంది పోటీ చేయడం అంతకుముందు లేదు, తర్వాతా లేదు. బ్యాలెట్ కాగితం పుస్తకమైంది, పోలింగు వాయిదా పడింది. అదే ఏడు తమిళనాడులో మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో రైతులు ఇదే పని చేసి 1,033 మందితో ఇంకా పెద్ద రికార్డు కొట్టారు.

ప్రభుత్వం ఏం చేసింది? ఆ ఏడే లోక్‌సభ డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10,000కు పెంచింది. స్వతంత్ర అభ్యర్థికి ప్రతిపాదకులు పదిమంది ఉండాలంది. నీళ్ల కంటే ముందు నిబంధన వచ్చిందన్నమాట.

అయినా 2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు ఆగలేదు. ఒక్కొక్కరు డిపాజిట్టు కట్టి మరీ నిలబడ్డారు. మొత్తం 185 మంది అభ్యర్థులు, అందులో 170 మందికి పైగా రైతులే. ఒక్కో పోలింగు కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పేర్చి ఓటింగు జరిపారు. ఓటరు లోపలికి పోయి తనకు కావలసిన గుర్తు ఏ పెట్టెలో ఉందో వెతుక్కోవాల్సి వచ్చింది. నిరసన ఎవరి మీదైతే వాళ్ల ప్రచార ఖర్చు కంటే ఎన్నికల సంఘం పని ఎక్కువైంది పాపం.

నిలబడకుండానే నిరసన తెలిపే మీట 2013లో వచ్చింది. నోటా. దానికి ఎన్ని ఓట్లు పడ్డా గెలిచేవాడు గెలుస్తాడు కాబట్టి నాకు అది నల్గొండ పద్ధతంత రుచించదు.

అన్నం మానడం

పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో దీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. 58 రోజులు. అంతకు ముందు ఏడాది స్వామి సీతారాం 35 రోజులు చేసి, వినోబా భావే మాట మీద విరమించారు. శ్రీరాములు పోయిన నాలుగో రోజున నెహ్రూ ఆంధ్ర రాష్ట్ర ప్రకటన చేశారు. 1953 అక్టోబరు 1న ఆ రాష్ట్రానికి రాజధాని అయింది మన కర్నూలే. ఆఫీసులు డేరాల్లో నడిచాయి. ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చుంది, 1928లో సైమన్ కమిషన్ నిరసనలో మద్రాసు వీధిలో తుపాకికి రొమ్ము చూపిన ప్రకాశం పంతులు. ఏడాది తిరిగేసరికి కల్లుగీత, మద్యనిషేధం గొడవ మీద అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వం పడిపోయింది.

రోజుల లెక్కలో మాత్రం ఇరోం షర్మిల దరిదాపుల్లో ఎవరూ లేరు. 2000 నవంబరు నుంచి 2016 ఆగస్టు దాకా మణిపూర్‌లో ఆమెను ముక్కు గొట్టం ద్వారా బతికించారు. ఆత్మహత్యాయత్నం కేసులో గరిష్ఠ శిక్ష ఏడాదే. అందుకని గడువు తీరగానే వదిలేసి, దీక్ష కొనసాగిస్తోందని మళ్లీ పట్టుకుపోయేవాళ్లు.

ఆత్మహత్యాయత్నాన్ని నేరం చేసిన ఆ 309 సెక్షను ఇప్పుడు లేదు. 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దాన్ని తీసేశారు. కానీ 226 అని కొత్తది పెట్టారు. అధికారి తన విధిని చేసేలాగానీ, చేయకుండాగానీ ఒత్తిడి తేవాలని ఆత్మహత్యకు ప్రయత్నిస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా సమాజ సేవ. దిక్కుతోచక ప్రాణం తీసుకోబోయినవాడికి మినహాయింపు దొరికింది, డిమాండు పెట్టినవాడికి దొరకలేదు. ఆమరణ దీక్షలు దీని కిందికి వస్తాయా అన్నది ఇకమీదట కోర్టులు తేల్చాల్సిన సంగతి.

రిలే నిరాహార దీక్షకు ఆ భయం లేదు. పొద్దున టిఫిను చేసి పదింటికి టెంటులో కూర్చుని, సాయంత్రం నిమ్మరసం తాగి లేస్తే రేపటి బ్యాచి సిద్ధం. నవ్వుకోవచ్చుగానీ, సాగదీయడంలో దీన్ని మించింది లేదు. అమరావతి రైతుల శిబిరాలు 2019 డిసెంబరు నుంచి 2024 దాకా 1,600 రోజులు దాటి నడిచాయి. 2013లో సమైక్యాంధ్ర కోసం ఎన్జీవోలు 66 రోజులు సమ్మె చేశారు. 2011లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది.

ఊరు ఊరే లేచిపోయింది

1919లో చీరాల, పేరాలను కలిపి మద్రాసు ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య చెప్పిన ఉపాయం సూటిగా ఉంది: మునిసిపాలిటీలో ఉంటేనే కదా పన్ను? 1921లో సుమారు 13 వేల మంది ఇళ్లు వదిలి పొలిమేర దాటి రామనగరం అని పాకల ఊరు కట్టుకుని దాదాపు పదకొండు నెలలున్నారు. లక్షల జనంతో ప్రపంచ రికార్డులకెక్కిన ఊరేగింపులున్నాయి. ఇరాక్ యుద్ధం వద్దంటూ 2003 ఫిబ్రవరి 15న రోమ్‌లో ముప్పై లక్షల మంది కదిలారని గిన్నిస్ పుస్తకం రాసుకుంది. వాళ్లు సాయంత్రానికి ఇళ్లకు పోయారు. చీరాల వాళ్లు ఇల్లే వదులుకున్నారు.

పునాది రాయి, టమాటా గంప

సీమ నిరసనల్లో విచిత్రమైనది నా లెక్కలో సిద్ధేశ్వరం. కృష్ణ మీద శ్రీశైలం ఎగువన అలుగు కట్టమని దశాబ్దాలుగా అడిగినా వినలేదని, 2016 మే 31న రాయలసీమ సాగునీటి సాధన సమితి ఆధ్వర్యంలో జనమే పోయి శంకుస్థాపన చేశారు. దారుల్లో పోలీసులు ఆపినా పొలాలకడ్డంబడి వేలమంది చేరారు. ప్రాజెక్టు కట్టొద్దని ధర్నా చేసేవాళ్లను దేశమంతా చూస్తుంది. కట్టమని తామే పునాది రాయి మోసుకుపోయినవాళ్లు అరుదు.

దేవనకొండ మండలం కప్పట్రాళ్లది దీనికి తలకిందులు. యురేనియం కోసం అడవిలో బోర్లు వేస్తారని తెలిసి 2024 చివర్లో ఊళ్లు రోడ్డెక్కాయి. ముఖ్యమంత్రే తవ్వకాలు ఆపుతున్నామని చెప్పాల్సి వచ్చింది. ఇంత తొందరగా ఫలించిన నిరసన ఈ జిల్లాలో ఈ మధ్య చూడలేదు. పత్తికొండ టమాటా రైతులనడగండి. ధర పడిపోయిన ప్రతిసారీ గంపలు గంపలు రోడ్డు మీద కుమ్మరిస్తారు, లారీ చక్రాల కింద ఎర్రని బురదవుతుంది, మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. ధర మాత్రం మార్కెట్టు యార్డులో ఉన్నచోటే ఉంటుంది.

అనుమతి ఇచ్చేదెవరు

ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమికూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణలో ఉంది. 'పట్టణంలో 30 యాక్టు అమల్లో ఉంది' అని పోలీసులు ఇచ్చే ప్రకటన దానికంటే చాలా పాతది. అది 1861 పోలీసు చట్టంలోది, సిపాయిల తిరుగుబాటు అయిన నాలుగేళ్లకు చేసింది. 2022 డిసెంబరు 28న కందుకూరు సభ తొక్కిసలాటలో ఎనిమిది మంది చనిపోయాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ 30వ సెక్షనునే పట్టుకుని 2023 జనవరి 2న జీవో నంబరు 1 తెచ్చి రోడ్ల మీద సభలను కట్టడి చేసింది. ఏటా మొదటి జీవోను ఎవరూ గుర్తుపెట్టుకోరు, దీన్ని మాత్రం అందరూ గుర్తుపెట్టుకున్నారు. మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. వీధిలో సభలను క్రమబద్ధం చేయొచ్చుగానీ మొత్తానికే లేకుండా చేయకూడదని సుప్రీంకోర్టు 1972లోనే హిమ్మత్‌లాల్ షా కేసులో చెప్పి ఉంది.

ఇలాంటి చట్టాల్లో నాకు ఇష్టమైన కథ లండన్‌ది. బ్రయాన్ హా అనే ఆయన 2001 జూన్‌లో పార్లమెంటు ఎదురుగా అట్టలు, జెండాలు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ను లేపడానికే అన్నట్టు 2005లో ఒక చట్టం చేశారు: నిరసన మొదలుపెట్టే ముందు అనుమతి తీసుకోవాలని. నేను ఎప్పుడో మొదలుపెట్టేశాను కదా అన్నాడాయన. హైకోర్టు ఔనంది. మరుసటి ఏడు పై కోర్టు కాదంది. ఏమన్నా ఆయన 2011లో చనిపోయేదాకా, పదేళ్లు, ఆ శిబిరం ఉండనే ఉంది.

నిరసన లేని నిరసనకారులు

అందరి అభ్యంతరాలూ రాసిపెట్టే వకీళ్లకు మాత్రం కోర్టు బహిష్కరించే హక్కు లేదు. హరీశ్ ఉప్పల్ కేసులో 2002 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చేసింది. కర్నూలు న్యాయవాదులకు ఇది బాగా తెలుసు, అయినా 2019లో రాయలసీమకు హైకోర్టు కావాలని కోర్టు పనులు మానుకుని బయటికొచ్చారు. వాళ్లు చేతపట్టుకున్న కాగితం 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక. తర్వాత లోకాయుక్త, మానవ హక్కుల సంఘం కర్నూలుకు వచ్చాయి. 2024 నవంబరులో ఇక్కడ హైకోర్టు బెంచి కోసం శాసనసభ తీర్మానం చేసింది. ఇంతకీ వకీళ్లు ఎలా నిరసన తెలపొచ్చో కూడా ఆ 2002 తీర్పే జాబితా ఇచ్చింది: పత్రికా ప్రకటనలు, కోర్టు ఆవరణ బయట ప్లకార్డులు, నలుపో తెలుపో ఏ రంగైనా సరే చేతికి పట్టీ, కోర్టుకు దూరంగా ఊరేగింపు, ధర్నా, ఆ వరుసలోనే రిలే నిరాహార దీక్ష.